లాగు బరువు – మోయు బరువు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కాపురములు చేయుచున్న మన తెలుగు కుటుంబములు నానాటికి పెరుగుచున్నవి. అచట పిల్లలకు వేసవి సెలవులు వచ్చినంతనే యెల్లోస్టోన్, గ్రాండ్ కెన్యన్, యోసెమిటీ మొదలగు జాతీయవనములను చూచి రావలెనను కోరిక పుట్టుట సహజము. హోటలు గదులకగు వ్యయమును తలచియు, దారి పొడవునను ఇంటివంట దొరకదను చింతచేతను, ఇల్లే మనతో కూడ వచ్చినచో నెంత బాగుండునని తలపోయు గృహిణులు కలరు. అట్టి కోరికను తీర్చు సాధనములలో ట్రక్ క్యాంపరు ఒకటి.

పికప్ ట్రక్కు అనగా ముందు మనుష్యులు కూర్చుండు గదియు, వెనుక సామాను వేయు తొట్టియు గల మోటారుబండి. ఆ తొట్టిలో సరిగా దిగునట్లు కట్టిన చిన్న యిల్లే క్యాంపరు. అందు పరుపులు, పొయ్యి, శీతలపేటిక, నీటితొట్టి, కొన్నిటిలో స్నానపు గదియు కూడ నుండును. ట్రెయిలరునకు వలె దీనికి స్వంత చక్రములు లేవు. దాని బరువును, అందలి సామాను బరువును సమస్తము ట్రక్కు వీపుమీదనే పడును. ఈ యొక్క సంగతి మరచుటవలననే పెక్కు కుటుంబములు చిక్కులపాలగుచున్నవి. ఏ ట్రక్కునకు ఏ క్యాంపరు తగునో తెలిసికొను మార్గమును ఈ నెల సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

ఇది మగవారి విషయమని పుట తిప్పివేయవలదు. ఇందు యంత్రశాస్త్రము స్వల్పము. కూడికయు తీసివేతయు వచ్చిన చాలును. పైగా ఆ చిన్న యింటిలోనికి ఏ వస్తువు ఎంత చేరునో ఇల్లాలికి తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు. అమ్మువాడు క్యాంపరు బరువు చెప్పగలడు. పిల్లల దుప్పట్ల బరువును, బియ్యపు సంచి బరువును వాడెట్లు చెప్పగలడు?

1960వ సంవత్సరమున అమెరికా నవలాకారుడు జాన్ స్టెయిన్‌బెక్, చార్లీ అను తన కుక్కను వెంటబెట్టుకొని, ఇట్టి బండిమీదనే దేశమును చుట్టి వచ్చెను. జీ.ఎం.సీ. ట్రక్కుమీద అమర్చిన ఆ చిన్న యింటికి డాన్ క్విహోటే గుర్రము పేరైన రోసినాంటె అనునది పెట్టుకొనెను. 1962లో వెలువడిన ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ అను గ్రంథమున, ఎన్నడును చదువ తీరిక దొరకని పుస్తకములను 150 పౌనుల బరువు వెంట గొనిపోయితినని హాస్యముగా వ్రాసెను. ఆరిగాన్ రాష్ట్రమున, వాన కురియు ఆదివారమునాడు, వెనుక టైరు పగిలి తాను పడిన యిబ్బందియు అందే కలదు. టైరు పగులుటకు పుస్తకములే కారణమని మేము చెప్పుట లేదు. కాని ఒంటరిగా పోవు పురుషునికే అంత సంకటమైన గడియ, వెనుక ఆసనమున పిల్లలను కూర్చుండబెట్టుకొన్న తల్లికి వచ్చినచో నెట్లుండునో ఊహించుకొనుడు. ఆ బండి కాలిఫోర్నియాలోని సలీనాస్ పట్టణమున, నేషనల్ స్టెయిన్‌బెక్ సెంటరునందు భద్రపరుపబడి యున్నది.

లాగుట వేరు, మోయుట వేరు

ట్రక్కుల ప్రకటనలలో ముందుగా కంటబడునది లాగు శక్తి. ఈ బండి 13,000 పౌనులు లాగునని పెద్ద యక్షరములతో అచ్చువేయుదురు. పౌను అనగా మన లెక్కలో సుమారు 454 గ్రాములు. ఆ అంకెను చూచి, 13,000 పౌనులు లాగు బండి 3,000 పౌనుల క్యాంపరును మోయలేదా యని యనుకొనుట సహజమే. కాని మన పల్లెలో ఎద్దును చూచిన వారెవ్వరును అట్లనుకొనరాదు. బండికి కట్టిన ఎద్దుల జత ఎన్నో బస్తాల ధాన్యమును లాగుకొని పోవును. ఆ బస్తాలనే వాని వీపులమీద నెత్తినచో నిలువగలవా? చక్రములు మోయు బరువు వేరు. వీపు మోయు బరువు వేరు. క్యాంపరు విషయమున లాగు శక్తితో మనకు పని లేదు. మోయు శక్తిని మాత్రమే చూడవలెను. దీనిని అచటివారు పేలోడు అందురు.

రెండవ భ్రమ పేర్లవలన కలుగుచున్నది. అచట ట్రక్కులను అరటన్ను, ముప్పాతిక టన్ను, టన్ను బండ్లని మూడు తరగతులుగా పిలుతురు. ఫోర్డు వారి ఎఫ్-150, ఎఫ్-250, ఎఫ్-350 అనునవి ఈ మూడింటికి వరుసగా ఉదాహరణములు. ఒకప్పుడు ఆ పేర్లు అవి మోయు బరువును తెలుపుచుండెను. నేడవి తరగతి పేర్లు మాత్రమే. టన్ను తరగతిలో వెనుక ఇరుసునకు రెండు చక్రములు గలవియు, నాలుగు చక్రములు గలవియు కలవు. నాలుగు చక్రముల బండ్లలో 5,000 పౌనులకు మించి మోయునవియు కలవు. కావున పేరును నమ్మి కొనరాదు.

ఇంకొక విశేషము. ఒకే పేరు గల రెండు బండ్లు ప్రక్కప్రక్కనే నిలిచియున్నను వాని మోయు శక్తి సమానము కాకపోవచ్చును. బండియు, దానిపై నున్నదియు కలిసి ఇంతకు మించరాదని యొక హద్దు కలదు. బండియే బరువెక్కిన కొలది మోయుటకు మిగులునది తగ్గును. డీసెలు ఇంజను కొన్ని వందల పౌనులు అధికము. నాలుగు తలుపుల గది, నాలుగు చక్రములను త్రిప్పు యంత్రము, విద్యుత్తుతో కదలు ఆసనములు, పైకప్పున అద్దపు కిటికీ, ఇవి యన్నియు ఆ హద్దులోని భాగమునే తినివేయును. అలంకారములు పెరిగిన బండి చూచుటకు దొడ్డదే కాని, మోయుటకు సామాన్యపు బండికి తీసిపోవచ్చును.

తలుపు కడ చీటి

మరి సత్యము తెలియుట ఎట్లు? నడుపువాని తలుపు తెరచి చూడుడు. తలుపు అంచుననో, దానినానుకొనియున్న స్తంభముననో ఒక చీటి అంటింపబడియుండును. అమెరికా ప్రభుత్వ నిబంధనల ననుసరించి ప్రతి బండికిని ఇది యుండవలెను. అందు జీ.వీ.డబ్ల్యు.ఆర్. అను అక్షరముల ప్రక్కనున్న అంకె, బండి, ఇంధనము, మనుష్యులు, సామాను సమస్తము కలిసి దాటరాని హద్దు. దాని క్రిందనే ముందు ఇరుసునకును, వెనుక ఇరుసునకును వేరువేరు హద్దులు వ్రాయబడియుండును.

ఆ మొత్తపు హద్దు 10,000 పౌనులు గాని, అంతకు తక్కువ గాని అయినచో, టైర్ల వివరముతో మరియొక చీటియు నుండును. మనుష్యుల బరువును సామాను బరువును కలిసి ఇన్ని పౌనులకు మించరాదని అందు స్పష్టముగా నుండును. అది ఆ యొక్క బండికే చెందిన అంకె. అంతకంటె పెద్ద బండ్లకు ఆ రెండవ చీటి లేకపోయినను చింతింప బనిలేదు. ఇంధనము నిండుగా పోసి, ఎవ్వరును ఎక్కకుండ బండిని కాటామీద తూచి, ఆ బరువును మొత్తపు హద్దునుండి తీసివేసిన మిగులునదే మోయు శక్తి.

క్యాంపరును మోయుటకు తగిన ట్రక్కుల విషయమున, తయారించినవారు మరియొక పత్రము నీయవలెనని నిబంధన కలదు. అందు సామాను పరిమితి యొకటి యుండును. ఒక్కొక్క ఆసనమునకు 150 పౌనుల మనిషి చొప్పున ముందే తీసివేసి ఆ పరిమితిని నిర్ణయింతురు. ఇంటి వారు అంతకంటె బరువైనచో ఆ తేడాను మరల తగ్గించుకొనవలెను.

ఇక క్యాంపరు సంగతి. ప్రకటన పుస్తకమున ‘డ్రై వెయిట్’ అని యొక అంకె యుండును. అనగా ఎండు బరువు. అందు నీరు లేదు, గ్యాసు లేదు. తరచుగా కొనువారు కోరి చేర్చుకొను అదనపు పరికరములును లేవు. ఎండు బరువుతో ఎవ్వరును యాత్ర చేయరు. క్యాంపరుమీద అంటించిన చీటియే మనకు ప్రమాణము. సాధారణ పరికరములతోను, ఇన్ని గాలనుల నీటితోను, ఇన్ని పౌనుల గ్యాసుతోను బరువు ఇంత యని అందు వ్రాయవలెనని నిబంధన. చేర్చిన పరికరముల బరువు వేరుగా కలుపుకొనవలెను.

ఇల్లాలి లెక్క

ఇప్పుడొక లెక్క వేసి చూతము. ఇది దృష్టాంతమునకై మేము కల్పించుకొన్నది; మీ అంకెలు వేరుగా నుండును. ఒక ట్రక్కు మొత్తపు హద్దు 10,000 పౌనులు. ఇంధనముతో కాటాపై తూచగా 7,000 పౌనులున్నది. మోయుటకు మిగిలినది 3,000 పౌనులు. క్యాంపరు ఎండు బరువు 2,100 పౌనులు. ఇంకను 900 పౌనులు మిగులుచున్నవి గదా, నిశ్చింతగా కొనుడని అమ్మువాడు చెప్పును. ఇల్లాలు కలము తీసికొని ఇట్లు వ్రాయవలెను:

క్యాంపరు ఎండు బరువు – 2,100
భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు – 420
30 గాలనుల నీరు – 250
నిండిన గ్యాసు సిలిండర్లు రెండు – 74
బ్యాటరీ – 60
గాలి చల్లబరచు యంత్రము, పందిరి మొదలగు అదనపు పరికరములు – 200
బట్టలు, పరుపుబట్టలు, వంటసామాను, ఆహారపదార్థములు, పనిముట్లు, కుర్చీలు – 400
మొత్తము – 3,504 పౌనులు.

తొమ్మిదివందలు మిగులుననుకొన్నచోట ఐదువందల నాలుగు పౌనులు మించినది! ఇందు వ్యర్థమైన వస్తువు ఒక్కటియు లేదు. ఎవ్వరును దుబారా చేయలేదు. లెక్క మాత్రమే వేయబడలేదు.

ఈ పట్టికలో రెండు పద్దులను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. మొదటిది నీరు. అమెరికా గాలను నీటి బరువు ఎనిమిది పౌనులకు పైచిలుకు. నీటిని చేరవలసిన చోటనే నింపుకొందము, దారిలో తొట్టి ఖాళీగా నుండునని కొందరందురు. అది మంచి యలవాటే. కాని నీరు దొరకని యెడారి విడిదికి పోవునప్పుడు నిండు తొట్టితోనే బయలుదేరవలసివచ్చును. కావున లెక్క నిండు తొట్టికే వేయవలెను. మరియు గిన్నెలు కడిగిన నీరు, స్నానము చేసిన నీరు ఎక్కడికిని పోదు. క్రిందనున్న మురికినీటి తొట్టిలో చేరి, పారబోయు చోటు దొరకువరకు మనతోనే ప్రయాణము చేయును. మంచినీరు మరల నింపుకొన్నచో రెండు తొట్లును నిండియుండును.

రెండవది ఇంటిసామాను. మన వంటయింటి అలవాట్లు మనకు తెలిసినవే. ఇరువది పౌనుల బియ్యపు సంచి, పప్పులు, నూనె, ఊరగాయ జాడీలు, ప్రెషరు కుక్కరు, ఇనుప పెనము, రుబ్బు యంత్రము, ఇవి యొక్కొక్కటిగా చూచిన స్వల్పములే. కాని కలిపి చూచిన నొక మనిషి బరువగును. మేము చెప్పునది విడిచి పొమ్మని కాదు. ఇంటివంటకొరకే గదా ఈ యిల్లు వెంట గొనిపోవుట! ఒకసారి వానిని పెట్టెలలో సర్ది, ఇంటనున్న తూకపు యంత్రముపై నొక్కొక్క పెట్టెను పెట్టి వ్రాసికొనుడు. అర పూట పని. తరువాత దేనిని తీయవలెనో మీకే తెలియును.

బరువు నిలుచు చోటు

బరువు మొత్తము హద్దులోనున్నను, అది నిలుచు చోటు సరిగా లేనిచో ప్రమాదమే. ఎద్దుబండిలో బస్తాలు సర్దువారికి ఈ రహస్యము తెలియును. బరువు వెనుకకు పోయెనా, నొగలు పైకి లేచి కాడి ఎద్దుల మెడలనుండి తేలిపోవును. ట్రక్కును అట్లే. క్యాంపరు బరువు కేంద్రము వెనుక ఇరుసునకు ముందువైపున పడవలెను. వెనుకకు పడినచో ముందు చక్రములమీది భారము తగ్గి, బండి చుక్కాని తేలికయై, మలుపులలో మాట వినదు. ట్రక్కు పత్రమున ఆ కేంద్రము ఎచటినుండి ఎచటివరకు నుండవచ్చునో కొలతలతో బొమ్మ వేయబడియుండును. క్యాంపరు తయారించినవారును తమదాని కేంద్రము ఎచటనో తెలుపుదురు. రెండును సరిపోలవలెను. ట్రక్కు తొట్టి పొడవులో తేడాలు కలవు. సుమారు ఐదున్నర, ఆరున్నర, ఎనిమిది అడుగుల తొట్లు సాధారణములు. ఎనిమిది అడుగుల తొట్టికై కట్టిన క్యాంపరును పొట్టి తొట్టిలో నిలిపినచో దాని వెనుక భాగము బయటికి వ్రేలాడి, కేంద్రమును వెనుకకు లాగును.

స్ప్రింగులు, టైర్లు

క్యాంపరు నెక్కించినంతనే బండి వెనుకభాగము క్రుంగినచో, గాలిసంచులో అదనపు స్ప్రింగులో వేసిన సరిపోవునని సలహా చెప్పువారుందురు. అవి బండిని సమముగా నిలుపును, ఊగుటను కొంత తగ్గించును, అది నిజమే. కాని తలుపు కడ చీటిలోని అంకెను అవి పెంచవు. నడుమునకు పట్టీ బిగించుకొన్న కూలివాడు నిటారుగా నిలువవచ్చును. వాని మోకాళ్ళకు మాత్రము క్రొత్త బలము రాదు. ఇరుసు, చక్రము, టైరు, బ్రేకు, ఇవి యన్నియు పూర్వమున్నట్లే యున్నవి గదా.

వీనిలో టైరు ప్రక్కను స్వయముగా చదువుటకు వీలున్నది. 121/118 వంటి సంఖ్యలు అందుండును. 121 అనగా ఒంటి చక్రముగా వాడినప్పుడు 1,450 కిలోగ్రాములు. 118 అనగా జంటచక్రములుగా వాడినప్పుడు ఒక్కొక్కటి 1,320 కిలోగ్రాములు మోయునని యర్థము. అదియు నిర్ణయించినంత గాలి యున్నప్పుడే. గాలి తక్కువయై బరువు ఎక్కువైన టైరు నలిగి నలిగి వేడెక్కి, ఎండకాలపు రహదారిమీద పగులును. బరువు మించినకొలది బండి ఆగుటకు పట్టు దూరమును పెరుగును. కొండదారి దిగునప్పుడు బ్రేకులు కాగిపోవును. ఎత్తైన క్యాంపరు ప్రక్కగాలికి ఊగును. ఈ దోషములేవియు ఇంటిముందర నిలిచియున్న బండిలో కనబడవు. అవసరము వచ్చిన ఆ యొక్క నిమిషముననే బయటపడును.

కాటా చెప్పు మాట

ఇన్ని లెక్కలు వేసిన పిదపను తుది తీర్పు కాటాదే. అమెరికా రహదారులమీద లారీలు ఆగు స్థలములలో పెద్ద కాటాలు కలవు. స్వల్ప రుసుమునకు ఎవరైనను తూచుకొనవచ్చును. ముందు ఇరుసుమీద ఎంత, వెనుక ఇరుసుమీద ఎంత, మొత్తము ఎంత యని చీటి వ్రాసి యిత్తురు. రెండుసార్లు తూచవలెను. క్యాంపరు కొనకమునుపు ట్రక్కును మాత్రము నిండు ఇంధనముతో తూచుట మొదటిసారి. క్యాంపరు ఎక్కించి, నీరు నింపి, సామాను సర్ది, ఇంటివారందరును కూర్చుండి తూచుట రెండవసారి. ఒకరు వాడిన క్యాంపరును కొనునప్పుడు, బేరము ముగియకమునుపే దానిని ట్రక్కుపై నెక్కించి తూచి చూతమని యడుగుటలో తప్పు లేదు. అందుకు అంగీకరింపని వానియొద్ద కొనకుండుటయే మేలు.

లెక్క మించినచో మార్గములు మూడు. గుడ్డ గోడలతో ముడుచుకొను చిన్న క్యాంపరును ఎన్నుకొనుట యొకటి. వీనిలో 1,000 పౌనులకు కొంచెము అటునిటుగా నుండునవియు కలవు. పెద్ద ట్రక్కును కొనుట రెండవది. స్వంత చక్రములుగల ట్రెయిలరునే కొనుట మూడవది. మూడును గౌరవమైన మార్గములే. నాల్గవదియైన ‘అందరును ఇట్లే పోవుచున్నారు, ఏమియు కాదు’ అను మార్గము మాత్రము తగదు. ఇంకను బండి కొననివారు మొదట క్యాంపరును నిశ్చయించుకొని, దాని నిండు బరువును లెక్కించి, పిమ్మట దానికి తగిన ట్రక్కును వెదకుట మేలు. ముందు బండి కొని తరువాత ఇల్లు వెదకువారే తరచుగా రెండవ బండికి మరల అప్పు చేయుచున్నారు.

సోదరీమణులారా! ఆ అప్పుపత్రముమీద మీ సంతకము కూడ నుండును. ఆ బండిలో మీ బిడ్డలు కూర్చుందురు. కావున విడి భాగముల పేర్లు తెలియవని సంకోచింపక, తలుపు తెరచి చీటి చదువుడు, పద్దులు కూడుడు, కాటా చీటిని చేత బట్టి చూడుడు. అంకెలు హద్దులో నున్నపుడు నిశ్చింతగా బయలుదేరుడు. పైన్ చెట్ల నీడను బండి నిలిపి, మీ పొయ్యిమీద మీరే వండిన చారు అన్నమును పిల్లలకు వడ్డించు ఆనందము మీకు దక్కుగాక!